ఔనా కాదా అని అడిగే మనిషి

పోయిన నెల ప్రొద్దుటూరులో కంటి డాక్టరు దగ్గర కూర్చొని ఉన్నాను. చీటీలు రాసే మనిషితో ఒక పల్లెటూరి ఆడమనిషి గొడవ పడుతోంది. "డాక్టరు ఈ పూట వస్తాడా, రాడా? చూద్దాం, కనుక్కుందాం అనొద్దు. ఒక మాట చెప్పప్పా." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను లేచి వెళ్లి ఆమె ముఖం చూసి వచ్చాను. ఎవరో ముసలామె. అయినా ఆ మాట నేను పాతికేళ్ల వెనక రోజూ విన్న మాట. అట్లా అడిగిన మనిషికి అప్పుడు ముప్పై కూడా నిండలేదు.

ఆమె పేరు రాయను. ఆమె పేరు రాస్తే ఇంకో నాలుగు పేర్లు రాయాల్సి వస్తుంది. ఆ నలుగురి పిల్లలూ ఈ చుట్టుపక్కలే బతుకుతున్నారు.

అప్పుడు నేను జమ్మలమడుగులో మిషన్ బడి టీచరును. తెల్లదొరల కాలంలో మా తాతగారి తాత బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరో ఒకరు ఆ బడిలో చదువు చెబుతూనే ఉన్నారు. నాకింకా పెళ్లి కాలేదు. అమ్మా నేనూ ఉండే ఇంటికి రెండు వాటాలు, ఒకటే వాకిలి, ఒకటే బట్టల బండ. రెండో వాటాలోకి ఒక ఎండాకాలం ఆమె ఇద్దరు ఆడపిల్లలతో, ఒక ట్రంకుపెట్టెతో దిగింది. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి నాలుగు. మొగుడు కనపడలేదు.

సన్నగా, పొడుగ్గా ఉండేది. పుట్టినిల్లు వీరపునాయునిపల్లె దగ్గర, గొర్రెలు కాసే ఇల్లు. నడిస్తే వెనక మనం పరిగెత్తాల్సిందే. పిల్లల్ని పేరు పెట్టి పిలిచేది కాదు. నాలుక అంగిలికి కొట్టి టక్ టక్‌మని ఒక చప్పుడు చేసేది, మందను మళ్లించినట్టు. ఆ చప్పుడుకు వీధి చివర ఆడుకుంటున్న ఇద్దరూ తల తిప్పేవాళ్లు.

బడి తెరిచినాక పెద్దది నా తరగతిలోనే చేరింది. మొదటి రోజు అందరినీ అడిగినట్టే అడిగాను.

"మీ నాయన ఏం పని చేస్తాడు?"

"తెలీదు."

"ఇంట్లో ఉంటాడా?"

"తెలీదు."

"మీ సొంత ఊరేది?"

"తెలీదు."

తరగతి అంతా నవ్వింది. పిల్ల మాత్రం నవ్వలేదు, సిగ్గుపడలేదు. కొంచెం మందబుద్ధేమో అనుకున్నాను. సాయంత్రం తల్లితో నెమ్మదిగా అన్నాను, పాపకు ఊరి పేరు కూడా చెప్పడం రాలేదని. ఆమె ముఖం వెలిగిపోయింది. పిల్లను దగ్గరకు లాక్కొని తల నిమిరింది.

"టీచరమ్మ అడిగినా చెప్పలేదా! నా తల్లే!"

మర్నాడు పొద్దున గోడ అవతల నుంచి విన్నాను. జడలు వేస్తూ పాఠం చెబుతోంది. "మీ నాయన యాడుండాడు?" "తెలీదు." "మిఠాయి ఇస్తా, చెప్పు." "తెలీదు." "మీ యమ్మే అడగమనింది, చెప్పు." అక్కడ చిన్నది తడబడింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చిన్నదాని నోట కూడా "తెలీదు" గట్టిగా వచ్చేదాకా వదల్లేదు.

మా తట్టు పార్టీ అంటే మొదట జెండా కాదు. మొదట మనుషులు, తర్వాత జెండా. పెద్దముడియం అవతల ఒక పల్లె రెండుగా చీలిపోయి ఉండేది. ఒక సగానికి ఒక పెద్దాయన, రెండో సగానికి ఇంకొక ఆయన. ఎన్నికలు వచ్చినప్పుడు ఒకరు ఏ జెండా పట్టుకుంటే రెండో ఆయన వేరే జెండా పట్టుకునేవాడు. ఈమె మొగుడు మొదటి పెద్దాయన జీపు డ్రైవరు. అంతకు ముందు ఏడాది, రెండో ఆయన తమ్ముడిని దావలో అటకాయించి నరికేశారు. ఆ కేసులో ఈమె మొగుడు మూడో ముద్దాయి. పోలీసులు వెతుకుతున్నారు, పోలీసుల కంటే ముందు అవతలి పార్టీవాళ్లు వెతుకుతున్నారు. అందుకే ఆమె ఊరు విడిచి మా పక్క వాటాలో ఉంది.

ఇదంతా తెలిసిన రోజు నేను అమ్మతో ఇల్లు మారదామన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అమ్మ ఒప్పుకోలేదు.

ఆమె మొగుడు పది పదిహేను రోజులకొకసారి మిట్టమధ్యాహ్నం వచ్చేవాడు, వీధి వీధంతా తలుపులు వేసుకొని ఉండే వేళ. ఒక పూట అన్నం తిని వెళ్లిపోయేవాడు. ఉన్నంతసేపూ చిన్నది ఒళ్లోనే ఉండేది. ఆమె మాత్రం కూర్చునేది కాదు. అన్నం పెట్టేసి గడపలో నిలబడేది, వీపు ఆయన వైపు, ముఖం వీధి వైపు. తల తిప్పకుండానే మాట్లాడేది. "పెద్దదానికి లెక్కలు బాగా వస్తాండాయంట." "పప్పు ఇంకొంచెం పోసుకో." "గడ్డం తీసుకో, చిన్నదానికి గుచ్చుకుంటాంది." మొగుడితో ఆమె ఎదురుబదురుగా కూర్చొని మాట్లాడడం అప్పటికి నేను చూడలేదు.

ఎవరి దగ్గరైనా ఆమెకు కావలసింది తేటగా ఒక జవాబు. పాలామెను అడిగేది, "నీళ్లు కలిపినావా? ఔనా కాదా?" నన్ను అడిగేది, "నా బిడ్డ పది దాకా చదవగలదా? ఔనా కాదా?" చూద్దాం అన్నామా, పైట చెంగు నడుముకు బిగించి ఎదురుగా నిలబడేది. ఒకసారి అమ్మ నవ్వి, గండి ఆంజనేయస్వామిని కూడా ఇట్లాగే అడుగుతావా అంది. "అడిగినా పెద్దమ్మా. ఆయన గూడా ఏం మాట్లాడలేదు" అని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమెది అదే నవ్వు, చెయ్యి అడ్డం లేకుండా నవ్వేది కాదు.

దీపావళి ముందు ఒక ఆదివారం పొద్దున, నేను చర్చికి బయలుదేరుతుంటే బట్టల బండ దగ్గర నుంచి పిలిచింది. "టీచరమ్మా, రొంత ఇట్లా రా." లోపలికి తీసుకుపోయి, నా చెయ్యి పట్టుకొని తన రొమ్ము పక్కన పెట్టుకుంది. నా వేళ్ల కింద గట్టిగా, రాయి లాగా తగిలింది.

"చిన్నప్పటి నుంచి గొర్రెల మెడకింద గడ్డలు తడిమినదాన్ని నేను. కొన్ని వేలు పెడితే జారతాయి. అవి ఏమీ చెయ్యవు. ఇది జారడం లేదు."

"ఎప్పటి నుంచి?"

"ఉగాది కాడి నుంచి."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆమె రవిక సర్దుకుంటూ అంది. "చెప్తే ఆయన వస్తాడు. ఒకదినం కాదు, రోజూ వస్తాడు. దావలో వాళ్లు కాచుకోనుంటారు."

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. చూసిందంతా చూసి ఆమె చీటీ రాస్తుంటే ఈమె బల్ల మీద రెండు చేతులూ ఆనించి అడిగింది.

"నేను బతుకుతానా డాక్టరమ్మా? ఔనా కాదా?"

"ముందు కర్నూలుకు పో. ఆపరేషన్ చేయించుకో. తర్వాత చూద్దాం."

"చూద్దాం అంటే కాదనేనా?"

డాక్టరమ్మ పెన్ను పట్టుకొని నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక రొమ్ము తీసేశారు. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి నేను సెలవు పెట్టి ఆమె దగ్గర ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు. మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఆయన భుజానికి ఒక గుడ్డసంచి. మంచం దగ్గరికి వచ్చి దాన్ని కిందికి తోశాడు. తోశాడు అనకూడదు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండు చేతులతో పెట్టాడు. అంత మెల్లగా పెట్టడం చూసి ఆమెకు అర్థమైంది. నాకు కాలేదు.

పక్క మంచం ఆమె మనవరాలు, మూడేళ్ల పిల్ల, ఒక నిమ్మకాయను దొర్లించుకుంటూ ఆడుకుంటోంది. నిమ్మకాయ దొర్లి మా మంచం కిందికి పోయింది. పిల్ల మోకాళ్ల మీద పాక్కుంటూ దాని వెనక దూరింది.

ఛాతీ నిండా కట్లతో, అప్పటిదాకా తనంతట తాను పక్కకు కూడా తిరగలేని మనిషి, ఎప్పుడు మంచం దిగిందో నేను చూడలేదు. నేల మీద పడుకొని, చెయ్యి చాపి, ఆ పిల్లను కాలు పట్టి ఇవతలికి లాగింది. పిల్ల బెదిరి ఏడ్చింది. నిమ్మకాయ ఆ సంచికి ఆనుకొని ఆగి ఉంది. సంచిలో ఉన్నవి నాటుబాంబులని అప్పుడు నాకూ అర్థమైంది.

ఆమె గొంతు పైకి లేవలేదు. "తీసుకోని పో" అంది మొగుడితో.

"అది లేకుండా నేను మెట్లు కూడా దిగలేనే."

"నేను పోయినాక నా పిల్లోళ్లను దీని పక్కనే పండబెడతావా? ఔనా కాదా?"

ఆయన సంచి తీసుకొని, తెచ్చినంత మెల్లగానే భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. ఆమెను లేపి పడుకోబెడుతుంటే కట్టు మీద నెత్తురు చెమ్మ కనిపించింది. కుట్లు ఊడాయి. నర్సు కోప్పడుతుంటే ఆమె పక్క మంచం పిల్లనే చూస్తోంది. "కాలు నొచ్చిందేమో చూడు టీచరమ్మా. శానా గట్టిగా లాగినా" అంది.

అప్పటి నుంచి ఆమె లోపల ఏదో లెక్క నడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. సూదుల మందుకు జుట్టు రాలిపోయింది. కాపరుల్లాగా తలకు తువ్వాల చుట్టుకునేది. చిన్నది దాన్ని చూసి "అమ్మ తాత మాదిరుండాది" అని నవ్వితే, ఆమె కర్ర భుజాన వేసుకొని వాకిట్లో నడిచి చూపించేది. శ్రావణ శనివారం ఇద్దరినీ గండికి తీసుకుపోయి పాపాఘ్ని నీళ్లలో ముంచి తెచ్చింది. బాగైపోతుందని నేను నమ్మడం మొదలుపెట్టాను. చలికాలం వచ్చేసరికి నడుము నొప్పి అంది. వెన్నెముకలోకి పాకిందన్నారు.

ఈసారి డాక్టరమ్మ దాచలేదు. "కాదు" అంది. "ఐదారు నెలలు." ఈమె తలూపింది. "మంచిది డాక్టరమ్మా. ఇంక పనులు చేసుకుంటా" అని లేచింది.

ఆ పనులేమిటో వాకిట్లో కూర్చొని నాకు చెప్పింది. "నేను పోయేది ఖాయం. నా ఎనకాల ఆయన కూడా పోతే పిల్లోళ్లకు ఎవరుండారు? మా యమ్మ ముసిలిది. ఆయన జైల్లో ఉన్నా సరే, బతికుండాల. జైలంటే ఒక అడ్రసు గదా. పిల్లోళ్లు పోయి చూసొస్తారు. ఇప్పుడు ఆయనకు అడ్రసు యాడుంది?"

మొదట ప్రొద్దుటూరులో పెద్దాయన ఇంటికి పోయాం. ఎన్నికలు దగ్గరపడ్డాయి. వాకిలి నిండా జీపులు, మైకులు, కండువాలు. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. ఆమె తాగలేదు.

"నా మొగున్ని వదిలిపెట్టప్పా. కోర్టులో లొంగిపోతాడు."

"నేను పట్టుకున్నానా అమ్మా? నేను వదిలితే వాళ్లు వదులుతారా? కోర్టు మెట్లు ఎక్కకముందే ఏసేస్తారు. నీ పిల్లల సంగతి నాకు వదిలెయ్. చదివిస్తా, పెళ్లిళ్లు చేస్తా. నా బిడ్డల మాదిరి."

"నా బిడ్డలకు నాయన ఉండాడు. ఆయన్నే ఉండనియ్యప్పా."

ఆయన నవ్వాడు. "సరే. వాళ్లు ఏమీ చెయ్యమని ఆ పక్క నుంచి మాట తీసుకురా. ఆ పొద్దే పంపిస్తా."

అది జరిగే పని కాదని ఆయనకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలుసు. ఆమె మాత్రం లేచి నిలబడి అడిగింది. "మాట తెస్తే పంపిస్తావా? ఔనా కాదా?" అందరి ముందూ ఆయన "ఔను" అనాల్సి వచ్చింది.

అవతలి పక్కకు నన్ను తోడు రమ్మంది. "నువ్వు రెండు పార్టీల పిల్లోళ్లకూ చదువు చెప్పినావు. నిన్ను ఎవురూ ఏమనరు." రెండు రోజులు నేను కాదన్నాను. బడి అన్నాను, జ్వరం అన్నాను. మూడో రోజు అమ్మ నా చెప్పులు తెచ్చి ముందర పెట్టింది. "నువ్వు పోకపోయినా ఆ బిడ్డ పోతాది. ఒక్కతే పోతాది" అంది.

పెద్దముడియంలో బస్సు దిగి, నల్లరేగడి చేలల్లో నుంచి ఆటోలో పోయాం. శనగ కోతల కాలం. ఆ పల్లెలో ఆమె రెండేళ్లుగా అడుగుపెట్టలేదు. అవతలి సగంలోకైతే పెళ్లై వచ్చినప్పటి నుంచీ పోలేదు. మేం వీధిలో నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. వెనక ఎవరో నడిచి వస్తున్నారు. నేను వెనక్కి చూడలేదు.

ఆ ఇంటాయన ప్రచారానికి పోయి ఉన్నాడు. వాళ్లమ్మ, చనిపోయినవాడి తల్లి, వాకిట్లో శనగలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి నలుగురు మగవాళ్లు లేచారు. ఒకడు "ఇది వాని పెండ్లాం" అన్నాడు. అవ్వ చెయ్యెత్తి వాళ్లను ఆపింది. తలకు తువ్వాల, లోపలికి పోయిన కళ్లు, బట్ట వేలాడుతున్న మనిషిని కిందినుంచి పైదాకా చూసింది.

"ఏం రోగం?"

"క్యాన్సరు."

"పిల్లోళ్లెంతమంది?"

"ఇద్దరు ఆడపిల్లోళ్లు."

"వాళ్లను ఎందుకు తీసుకురాలేదు? నాకు జాలి పుట్టేది గదా."

"జాలి కోసం రాలేదు. మాట కోసం వచ్చినా. ఆయన కోర్టులో లొంగిపోతాడు. ఎన్నేండ్లు వేస్తే అన్నేండ్లు ఉంటాడు. పానం మాత్రం తియ్యొద్దు."

అవ్వ చాట పక్కన పెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసుకొని, పొడి కళ్లతో ఆమెనే చూస్తూ అడిగింది.

"నా కొడుకును నరికినపొద్దు నీ మొగుడు ఆడ ఉన్న్యాడా? ఔనా కాదా?"

ఆమె మాటే ఆమెకు ఎదురైంది. అవ్వకు ఆ సంగతి తెలియదు. లేడని చెప్పమని లోపల మొక్కుకున్నాను. ఏడాదిగా వాళ్ల వకీలు చెబుతున్న మాట అదే, ఆ పొద్దు ఆయన కడపలో ఉన్నాడని. ఉన్నాడంటే ఆ నలుగురు మగవాళ్లు సాక్షులు. ఈమె నడుము నొప్పికి గోడ ఆనుకుంది.

"ఉన్న్యాడు" అంది. "జీపు తోలినాడు. నరికినాడా అని అడిగినా. లేదన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు అవ్వా. తోలింది మాత్రం నిజం."

మగవాళ్లలో ఒకడు ముందుకు వచ్చాడు. అవ్వ వాడిని కూర్చోమంది. చాటలో నుంచి ఒక రాయి ఏరి పారేసింది.

"మూడేండ్ల నుంచి కోర్టుకు పోతాండా. ఒక్కడు కూడా నేనాడ ఉంటి అనలేదు. అందురూ యాడనో ఉన్న్యారంట, నా కొడుకు వాని అంతట వాడే సచ్చినాడంట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ మాట వాన్ని కోర్టులో చెప్పమను. చెప్తే, మా ఇంటి మొగోళ్లు వాని మీద చెయ్యెయ్యరు. నేను బతికుండేదాకా."

వెళ్లమన్నట్టు చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నీళ్లు కూడా ఇవ్వలేదు.

నాలుగు రోజులకు ఆమె మొగుడు ఇంటికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆమె గడపలో నిలబడలేదు. నన్ను పిలిచి ఆ చోట నిలబెట్టింది. తాను ఆయన ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది. నేను వీధి చూస్తున్నాను, వెనక నుంచి మాటలు వినపడుతున్నాయి.

"ఇన్నేండ్లూ ఆయన ఉప్పు తిన్న్యా. ఇప్పుడు కోర్టులో నోరు తెరిస్తే..."

"నీ మాట మటుకు చెప్పు. తోలినా అని చెప్పు. ఇంకొకని పేరు ఎవురూ అడగలేదు."

"ఏండ్లు పడతాయే."

"పడనీ. నాకు అన్ని ఏండ్లు లేవు. నీకుండాయి గదా, అవి పిల్లోళ్లకియ్యి."

తర్వాత ఆ మగమనిషి ఏడుపు వినిపించింది. నేను వీధి మీది నుంచి కళ్లు తిప్పలేదు.

కోర్టుకు పోయే ముందు రోజు పెద్దాయన మనుషులు ఇద్దరు వచ్చారు. ఎన్నికలు అయ్యేదాకా ఆగమన్నారు. ఆమె వినలేదు. "మాట తెస్తే పంపిస్తా అన్న్యాడు. తెచ్చినా" అంది. వాళ్లలో పెద్దవాడు, బహుశా మంచికే, ఒక సలహా చెప్పాడు. "చిన్నపాపను వాని చంకనెక్కించు. బిడ్డ ఉంటే ఏ పార్టీవాడూ ఏమీ చెయ్యడు." ఆమె లేచి తలుపు చూపించింది. "నా బిడ్డను అడ్డం పెట్టుకోని బతికేది బతుకేనా? పోండప్పా."

మర్నాడు పిల్లల్ని అమ్మకు అప్పగించి, నన్ను కోర్టు గేటు దగ్గర ఉండమని, తాను బస్టాండుకు పోయింది. ఆయన మామూలు బస్సులో వచ్చాడు. జీపు లేదు, సంచి లేదు, పక్కన మనుషులు లేరు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. బస్టాండు నుంచి కోర్టుకు రెండు ఫర్లాంగులు. టీ అంగళ్ల దగ్గర ఒక పక్క వీళ్ల పార్టీ, ఒక పక్క వాళ్ల పార్టీ. ఎవరి చేతులూ బయటికి కనపడటం లేదు.

ఆమె ఆయనకు అరడుగు ముందు నడిచింది. అంత వడిగా నడిచే మనిషి ఆ రోజు నడవలేకపోతోంది. పది అడుగులు వేసి నడుము పట్టుకొని ఆగేది. ఆయన ఆగేవాడు. చెయ్యి పట్టుకోబోతే వదిలించుకునేది. మధ్యలో ఒకచోట రోడ్డు మీదే కూర్చుండిపోయింది. ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఎవరికైనా అందేంత దూరంలో. టీ అంగడి ముందు ఒకడు బెంచీ మీది నుంచి లేచాడు. నేను ప్రార్థన మొదలుపెట్టాను కానీ ఒక్క మాట గుర్తుకు రాలేదు. లేచినవాడు టీ గ్లాసు కడిగి అక్కడ పెట్టి, మళ్లీ కూర్చున్నాడు. ఆమె చేతులు నేలకానించి లేచింది. ఆ రెండు ఫర్లాంగులకు అరగంట పట్టింది.

లోపల మేజిస్ట్రేటు ముందు ఆయన లొంగిపోయాడు. విచారణ వచ్చినప్పుడు, ముద్దాయిల్లో ఆయనొక్కడే, జీపు నేనే తోలినా అన్నాడు. ఇంకెవరి పేరూ చెప్పలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె పగటిపూట నిద్రపోయింది. ఆమె పగలు పడుకోవడం నేను చూసింది అదే మొదలు. మర్నాటి నుంచి గోడ అవతల పాఠం మారింది.

"మీ నాయన యాడుండాడు?"

"కడప జైల్లో."

"ఎందుకు?"

"జీపు తోలినాడు."

"ఎవురన్నా అడిగితే తల దించుకుంటావా?"

"దించుకోవద్దు" అని తనే చెప్పేది.

ఆయనకు శిక్ష పడింది, అనుభవించాడు, బయటికి వచ్చాడు. ఇప్పటికీ బతికే ఉన్నాడు. పులివెందులలో అరటికాయలు లారీలకెక్కించే చోట మేస్త్రీ. పిల్లలు వీరపునాయునిపల్లె దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగారు, నెలకొకసారి కడపకు పోయి నాయనను చూసి వచ్చేవాళ్లు. పెద్దది ఇప్పుడు నర్సు. చిన్నది బట్టలంగడి పెట్టుకుంది, పెళ్లికి నన్ను పిలిచింది. ఇద్దరిలో ఒక్కరు కూడా తల్లి లాగా నవ్వరు. నోరారా నవ్వుతారు. ఇక ఆ రెండు పార్టీల పెద్దలూ తర్వాత ఒక ఎన్నికల్లో ఒకే వేదిక మీద, ఒకే రంగు కండువాలతో కూర్చున్నారు. ఆ ఫోటో పేపర్లో చూసి నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. ఎవరిని ఏమని అడగాలో నాకు తెలియలేదు.

కోర్టుకు పోయి వచ్చినాక ఆమె రెండు నెలలు కూడా లేదు. ఎండలు ముదిరిన ఒక పొద్దున, చిన్నదాని జడ సగం అల్లి, చెయ్యి నొస్తాందని నన్ను అల్లమంది. నేను అల్లుతుండగా గోడకు ఆనుకొని చూస్తూ ఉంది. జడ అయ్యేసరికి ఆమె లేదు.

మధ్యాహ్నానికి కడప నుంచి ఆయన్ను తెచ్చారు. ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్లు, చేతులకు బేడీలు. రెండు గంటలు టైమిచ్చారు. ఆయన వాకిట్లో ఆమె తల దగ్గర కూర్చున్నాడు. పిల్లలు చెరొక పక్కన కూర్చున్నారు. కట్టేసిన చేతులతో ఎవర్నీ దగ్గరకు తీసుకోలేకపోయాడు. వీధిలో ఆయన పార్టీవాళ్లు కొందరు దూరంగా నిలబడ్డారు, పెద్దాయన రాలేదు.

పాడె కడుతుండగా ఒక జీపు వచ్చి ఆగింది. ఆగగానే వీధిలో సగం మంది పక్కకు తప్పుకున్నారు. ఎస్సై తుపాకీ మీద చెయ్యి వేశాడు. జీపులో నుంచి ఆ అవ్వ దిగింది. వెంట ఇద్దరు మగవాళ్లు. వాళ్లను గేటు బయటే నిలబెట్టి తాను ఒక్కతే లోపలికి వచ్చింది. శవం కాళ్ల దగ్గర నిలబడి, ఆ తువ్వాల చుట్టిన తలను కాసేపు చూసింది. పిల్లల్ని చూసింది. తన కొడుకును నరికిన చోటికి జీపు తోలిన మనిషి, మూరెడు దూరంలో తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. ఆయన వైపు అవ్వ చూడలేదు.

అవ్వ ఎస్సై వైపు తిరిగింది.

"ఆ చేతులవి ఇప్పండయ్యా" అంది. "మొగుడు గదా, పాడె మోయాల."